బీఎండబ్ల్యూ ఎం2 మాన్యువలా, ఎం340ఐనా, జెడ్4నా? చిత్తూరులో ఉండేవాళ్లకు ఏది సరిపోతుంది?

మామిడితోట_చిత్తూరు:
అందరికీ నమస్కారం. చానా ఏళ్లుగా అనుకుంటున్నది ఈ సంవత్సరం కొనేద్దామని గట్టిగా నిర్ణయించుకున్నా. మాది చిత్తూరు, మామిడి గుజ్జు వ్యాపారం. వారంలో ఒకట్రెండు సార్లు తిరుపతి పోవాలి, చెన్నైకో బెంగళూరుకో కూడా తరచూ పని పడుతుంది. ఇంట్లో ఇన్నోవా ఉంది కాబట్టి పెళ్లిళ్లు, చుట్టాలు, సామాను అంతా దాంట్లోనే జరిగిపోతుంది, ఈ కారు మాత్రం పూర్తిగా నా ఇష్టం కోసం.

మూడింటి దగ్గర ఆగిపోయాను. బీఎండబ్ల్యూ ఎం340ఐ (నాలుగు డోర్ల సెడాన్), ఎం2 (రెండు డోర్ల కూపే), జెడ్4 ఎం40ఐ (టాప్ తెరుచుకునే రెండు సీట్ల కారు). మూడింట్లోనూ 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనే కాబట్టి మనసు ఎటూ తేల్చడం లేదు. ఎం2 అయితే మాన్యువల్ తీసుకోవాలా ఆటోమేటిక్ తీసుకోవాలా, కార్బన్ బకెట్ సీట్లకు (రేసు కార్లలో ఉండే లాంటి తేలికైన సీట్లు) డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఇంకో టెన్షన్. మా నాయన నాలుగు డోర్లు ఉంటేనే కారు అంటారు. దయచేసి ఈ రోడ్ల మీద తిరిగేవాళ్లు చెప్పండి, ఢిల్లీ, ముంబై రివ్యూలు చూసి చూసి అలిసిపోయాను.

తిరుచానూరు_రైడర్:
అన్నా, నేను ఎం340ఐ వాడుతున్నా, అందుకే దాని వైపే మాట్లాడతాను, ముందే చెప్తున్నా. 374 హార్స్‌పవర్, సున్నా నుంచి 100 కిలోమీటర్ల స్పీడ్‌కు 4.4 సెకన్లు. పూతలపట్టు దాటాక రోడ్డు ఖాళీగా దొరికితే ఇంతకన్నా ఎక్కువ ఏం చేసుకుంటాం? నాకు అన్నిటికన్నా నచ్చింది నాలుగు చక్రాలకూ పవర్ పోవడం. మనకు పెద్ద వానలు అక్టోబర్, నవంబర్‌లో వస్తాయి, ఆ టైంలో రేణిగుంట రోడ్డు ఎట్లా ఉంటుందో నీకు తెలుసు. వెనక చక్రాలకే మొత్తం బలం ఇచ్చే ఎం2ని ఆ నీళ్లలో నడపాలంటే నాకైతే ధైర్యం చాలదు.

ఇంకోటి, ఇన్నోవా ఉంది అంటున్నావు గానీ కొత్త కారు వచ్చాక అమ్మానాన్నలు కొండకు దాంట్లోనే తీసుకెళ్లమంటారు. అలిపిరి చెకింగ్ దగ్గర అందరూ దిగి నడవాలి, డ్రైవర్ ఒక్కడే కారు ముందుకు తీసుకెళ్లాలి కదా. ఎం2 రెండు డోర్ల కారు, వెనక కూర్చున్న పెద్దవాళ్లు దిగాలంటే ముందు సీటు మడిచి, వంగి, చెయ్యి పట్టుకుని బయటికి రావాలి. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లకు అది చిన్న విషయం కాదు.

ఎం340ఐ చెన్నై ప్లాంట్‌లోనే బిగిస్తారు కాబట్టి రేటు కూడా బాగా తక్కువ. మిగిలిన డబ్బుతో వారంటీ పొడిగింపు, సర్వీస్ ప్యాకేజీ తప్పకుండా తీసుకో. రంగులకు, స్టిక్కర్లకు పెట్టొద్దు.

బాకరాపేట_మలుపు:
నేను పూర్తిగా వేరే మాట చెప్తాను. ఇంట్లో ఇన్నోవా ఉన్నప్పుడు ఇంకో నాలుగు డోర్ల కారు ఎందుకు? ఎం340ఐ అద్భుతమైన కారే, కానీ కొన్న ఆర్నెల్లకు అది ఇంటి కారు అయిపోతుంది. పిల్లల స్కూల్ బ్యాగులు వస్తాయి, డ్రైవర్ తీసుకెళ్తాడు, ఇక అది నీది కాదు. నీ ఇష్టం కోసం అని నువ్వే రాశావు కదా, ఆ మాట మీద నిలబడు. ఎం2 తీసుకో, అదీ మాన్యువల్.

కాగితం మీద ఆటోమేటిక్కే ఫాస్ట్, ఒప్పుకుంటా. ఇప్పుడొచ్చే 480 హార్స్‌పవర్ బండిలో ఆటోమేటిక్‌కు 600 ఎన్‌ఎం టార్క్ (ఇంజన్ లాగే బలం), 100కి 4 సెకన్లు. మాన్యువల్‌కు 550 ఎన్‌ఎం, 4.2 సెకన్లు. ఆ 0.2 సెకన్లు నువ్వు ఎక్కడ వాడతావు చెప్పు. తిరుమల ఘాట్‌లో పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలు అని టైం పెట్టారు, అంతకన్నా ముందే చేరితే పెనాల్టీ. అది సరైన నియమమే, భక్తుల బస్సులు తిరిగే రోడ్డు అది. హైవే మీద కూడా లారీలు, ఆవులు, ఎదురుగా వచ్చే బైకులు. అంటే మన దగ్గర కారు సుఖం టాప్ స్పీడ్‌లో లేదు, 40, 60లో కూడా చేతికి, కాలికి పని దొరకాలి. మా బాకరాపేట కనుమలో సెకండ్ నుంచి థర్డ్‌కు, మళ్లీ సెకండ్‌కు నువ్వే వేసుకుంటూ పోతే ఆ ఇంజన్ గొంతు వినపడుతుంది, స్పీడ్ ఏమీ ఉండక్కర్లేదు. తిరుపతి లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కడం కష్టమే, దానికి గరుడ వారధి (ఇదివరకటి శ్రీనివాస సేతు) ఫ్లైఓవర్ మీదుగా పోవచ్చు.

కార్బన్ సీట్లు వద్దే వద్దు. తొడల మధ్య గట్టి ముక్క ఒకటి లేచి ఉంటుంది, పక్కల గోడలు కూడా ఎత్తు. క్లచ్ తొక్కే కాలుకు అది అడ్డు, చీర కట్టుకున్నవాళ్లు ఎక్కి దిగడం ఇంకా కష్టం. బరువు తగ్గేది పది కిలోల పైచిలుకే. ఆ డబ్బు దాచి శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసింగ్ ట్రాక్‌కు పో. 3.7 కిలోమీటర్ల సర్క్యూట్, తిరుపతి నుంచి పొద్దున బయల్దేరితే టిఫిన్ టైంకు చేరొచ్చు. ఎం2లో 480 అంటే ఏమిటో అక్కడ చూడు, రోడ్డు మీద కాదు. పోయే ముందు బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం మార్పించు.

పలమనేరు_చలిగాలి:
జెడ్4ని ఎవరూ పట్టించుకోలేదు, బాధగా ఉంది. పైన అన్న చెప్పిన స్పీడ్ లేకుండా సుఖం అన్న మాటకు అసలైన జవాబు అదే. పది సెకన్లలో టాప్ తెరుచుకుంటుంది, డిసెంబర్ పొద్దున పలమనేరు వైపు 50లో పోయినా చాలు. కానీ నిజం చెప్పాలంటే మార్చి నుంచి జూన్ దాకా చిత్తూరు ఎండలో టాప్ తెరవలేవు, రెండే సీట్లు, బయట పార్క్ చేస్తే గుడ్డ టాప్ మీద దుమ్ము, పక్షులు. కవర్ ఉన్న షెడ్ ఉంటేనే ఆలోచించు.

ఆర్టీవో_లెక్కలు:
మోడల్ సంగతి మీరే తేల్చుకోండి, నాది ఒకటే మాట. మన రాష్ట్రంలో 20 లక్షలు దాటిన కారుకు లైఫ్ టాక్స్ 18 శాతం, కాబట్టి షోరూం ధర చూసి బడ్జెట్ వేసుకోవద్దు, ఎం2కి టాక్స్ ఒక్కటే మంచి కారు ధర అవుతుంది. టాక్స్ తప్పించుకోవడానికి పాండిచ్చేరి నంబర్ వేయించుకోమని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు, వినొద్దు. వేరే రాష్ట్రం బండి 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే ఇక్కడి నంబర్‌కు మార్చాల్సిందే, దొంగ అడ్రస్ పెడితే కేసు అవుతుంది.

మామిడితోట_చిత్తూరు:
చానా థ్యాంక్స్ అందరికీ. అలిపిరి దగ్గర దిగే సంగతి నాకు తట్టనే లేదు, కానీ కొండకు ఇన్నోవాలోనే పోదామని మాయమ్మతో ఇప్పుడే మాట్లాడాను, ఆమెకు అదే ఇష్టమంట. దాంతో ఎం340ఐ పక్కన పెట్టేశాను. జెడ్4కి షెడ్ లేదు. ఇక ఎం2 మాన్యువల్, మామూలు సీట్లతో. చెన్నైలో టెస్ట్ డ్రైవ్‌కు పోతున్నా. చివరగా ఒకటి అడుగుతా, టైర్ల సంగతి ఏమిటి? మా ఊరి దారిలో రెండు చోట్ల గుంతలు దారుణంగా ఉన్నాయి.

బాకరాపేట_మలుపు:
ముందు 275/35 19 అంగుళాలు, వెనక 285/30 20 అంగుళాలు. వెనక సైడ్‌వాల్ (రిమ్‌కూ రోడ్డుకూ మధ్య ఉండే రబ్బరు ఎత్తు) ఎనిమిదిన్నర సెంటీమీటర్లే, గుంతలో గట్టిగా పడితే టైర్‌తో పాటు రిమ్ కూడా పోతుంది. ముందువి వెనక్కి మార్చుకోవడం కుదరదు, స్టెపినీ కూడా ఉండదు. ఈ సైజులు తిరుపతి షాపుల్లో అడిగితే తెప్పించి ఇస్తాం అంటారు, అప్పటిదాకా బండి ఇంట్లోనే. అందుకని కారు చేతికొచ్చిన వారంలోనే వెనక టైరు ఒకటి చెన్నైలో కొని ఇంట్లో పెట్టుకో, డిక్కీలో ఒక గాలి పంపు ఉంచుకో. కారు మెక్సికోలో తయారై వస్తుంది కాబట్టి విండ్‌షీల్డ్, బంపర్ లాంటివి కూడా ఆలస్యం కావచ్చు, ఇన్సూరెన్స్‌లో టైర్, రిమ్ కవర్, జీరో డిప్రిసియేషన్ (పార్టుల పాతదనం లెక్కేసి క్లెయిమ్ డబ్బు తగ్గించకుండా ఇచ్చే కవర్) రెండూ అడిగి వేయించుకో. కొత్త కారు పూజకు కాణిపాకం పోయేటప్పుడు మాత్రం ఆ గుంతల దారి వదిలేసి, చుట్టూ తిరిగైనా మెయిన్ రోడ్డు మీదే పో.