ఇంత చిన్న తేడాతో గెలాక్సీలు ఎట్లా పుట్టాయి?

ప్రశ్న (హనుమకొండ, డిగ్రీ విద్యార్థి): మొన్న తాడ్వాయి అడవి దగ్గర పాలపుంత కళ్లారా చూశాను. విశ్వానికి 3,80,000 ఏళ్లున్నప్పుడు చోటుకూ చోటుకూ ఉష్ణోగ్రతలో తేడా లక్షలో ఒక వంతేనట. దాని నుంచి ఇన్ని గెలాక్సీలా సార్?

జవాబు (ములుగు, ఫిజిక్స్ లెక్చరర్): మంచి ప్రశ్న తమ్ముడూ. అప్పటిదాకా మామూలు పదార్థాన్ని కాంతి పీడనం ముద్దకట్టనివ్వలేదు. డార్క్ మ్యాటర్‌కు (కంటికి కనబడని, గురుత్వం వల్లే తెలిసే పదార్థం) కాంతితో పనే లేదు కదా, అది ముందే గుమిగూడింది. ఆ గుంపులనే హేలోలు అంటారు. వానకు ముందే తవ్వి ఉంచిన చెరువుల్లా ఆ హేలోలు సిద్ధంగా ఉన్నాయి; తర్వాత వాయువు వాటిలోకి జారి, చల్లబడి నక్షత్రాలుగా మారింది. ముందు చిన్న హేలోలు, అవి కలిసి పెద్దవి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

ప్రశ్న అడిగినవారు: కనబడని హేలో ఉందని నమ్మేదెట్లా?

జవాబు (కరీంనగర్): 1970లో ఖగోళ పరిశోధకులు వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ మన పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడా భ్రమణ వేగం కొలిచారు. నక్షత్రాలు పలచబడిన అంచుల్లోనూ వేగం పెద్దగా తగ్గలేదు. కనబడే పదార్థమే ఉంటే తగ్గాలి; అంటే కనబడని పదార్థమేదో అక్కడ ఉందన్నమాట.