బాండు పెట్టి స్పెషలిస్టులను పల్లె ఆసుపత్రులకు పంపడం న్యాయమేనా?

వెలిగొండ_నీడ:
సర్కారు కాలేజీలో పీజీ సీటు కావాలి, ఏడాది మా ఊళ్ళల్లో చెయ్యమంటే మాత్రం కోర్టుకెక్కుతారు. ఏడాది చేస్తాం, లేదంటే డబ్బు కడతాం అని రాసిచ్చే ఈ బాండ్లు చెల్లుతాయని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. ఇంకా ఏంది గోల? పోయిన ఏడాది మా చెల్లెలికి నొప్పులొస్తే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. గైనిక్ డాక్టరమ్మ ఉంది, థియేటర్ ఉంది. మత్తు డాక్టర్ లేడు. ఒంగోలు పొమ్మన్నారు. 108లో దాదాపు 80 కిలోమీటర్లు. మా అమ్మ దాని చెయ్యి పట్టుకుని "ఒంగోలు 41, ఒంగోలు 40" అని రోడ్డు పక్క రాళ్ళు చదువుతా కూర్చుంది.

ఉలవపాడు_మామిడి:
బిడ్డ క్షేమమేగా అన్నా?

వెలిగొండ_నీడ:
క్షేమమే. నేనడిగేది అది కాదు.

లేబర్‌రూమ్_డ్యూటీ:
"ఒంగోలు పోండి" లాంటి మాట నేనూ చాలామందికి చెప్పాను. వేరే జిల్లాలో బాండు ఏడాది పూర్తిగా చేశాను. సర్జన్, ఫిజీషియన్, గైనిక్, పిల్లల డాక్టర్, మత్తు డాక్టర్, ఈ ఐదుగురూ సీహెచ్‌సీలో, అంటే సామాజిక ఆరోగ్య కేంద్రంలో, ఉండాలని ప్రమాణం. అక్కడ నేనొక్కదాన్నే. మత్తిచ్చేవాళ్ళు లేరు, రక్తం నిల్వ లేదు, సిజేరియన్ ఎలా చెయ్యను? ఓపీలో ఐరన్ మాత్రలు రాస్తూ కూర్చున్నాను. దానికి పీజీ ఎందుకు?

పెన్నాగట్టు:
ఎంబీబీఎస్ వాళ్ళకు 18 వారాలు నేర్పి కాన్పు కేసులకు మత్తు ఇప్పించే పథకం కేంద్రం ఎప్పుడో పెట్టింది కదా మేడమ్. ఎన్‌హెచ్‌ఎంలో (జాతీయ ఆరోగ్య మిషన్) "జీతం మీరే చెప్పండి, ఇస్తాం" పద్ధతి కూడా ఉంది.

లేబర్‌రూమ్_డ్యూటీ:
ఉన్నాయండీ. 18 వారాలు నేర్చుకున్న కుర్రాడికి కేసు అడ్డం తిరిగితే పక్కన పెద్ద డాక్టర్ ఎవరుంటారు? భయపడి వాడూ రిఫరే చేస్తాడు.

వెలిగొండ_నీడ:
అంటే మీకు కావలసింది మత్తు డాక్టర్. వాణ్ణి కూడా బాండు పెట్టి తోలమనేగా నేననేది!

లేబర్‌రూమ్_డ్యూటీ:
తోలితే ఏడాదికే కదా. ఊరు అలవాటయ్యేసరికి మూడు నెలలు, చివర్లో పీజీ పై చదువుకు రాసే సూపర్ స్పెషాలిటీ నీట్‌కు చదువుకోడానికి ఇంకో మూడు. మిగిలేదెంత? పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో) చేసినవాళ్ళకు పీజీలో కొన్ని సీట్లు పక్కన పెట్టి ఇన్‌సర్వీస్ కోటా ఇస్తే వాళ్ళు మళ్ళీ సర్కారు ఆసుపత్రికే వస్తారు. ఆ కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకుందని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దాన్ని కోస్తే డాక్టర్లు రోడ్డెక్కారు.

ఉలవపాడు_మామిడి:
వాళ్ళు రోడ్డెక్కితే జరమొచ్చినోడు యాడికి పోవాలబ్బా?

వెలిగొండ_నీడ:
కోటా, నీట్, అన్నీ సాకులే. సాయంత్రం అయిదయితే సొంత నర్సింగ్‌హోమ్ గుర్తుకొస్తుంది. డబ్బు!

లేబర్‌రూమ్_డ్యూటీ:
నాకు నర్సింగ్‌హోమ్ లేదు. ఒక బాలింత చనిపోయింది, రక్తం అందక. ఆ రాత్రి క్వార్టర్స్ కిటికీలు పగలగొట్టారు. మూడేళ్ళ నా కూతుర్ని మంచం కిందికి తోసి, తలుపుకు బీరువా అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పోలీసులొచ్చేసరికి తెల్లారింది. అయినా ఏడాది నిండేదాకా ఉన్నాను. మీ ఊరి నుంచీ డాక్టర్లయినవాళ్ళు ఉంటారు కదా. ఒక్కరైనా తిరిగొచ్చారా? ముందు వాళ్ళను అడగండి!

పెన్నాగట్టు:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. చర్చ బాండు గురించి.

వెలిగొండ_నీడ:
ఒకడయ్యాడు. నా తమ్ముడే. రెండెకరాలు అమ్మి చదివించాం. వాడు మత్తు డాక్టరే. బాండు డబ్బు కట్టేసి హైదరాబాద్ పోయాడు. ఆ డబ్బుకి సంతకం పెట్టి అప్పు తెచ్చింది నేనే. చెల్లెలికి నొప్పులొచ్చినప్పుడు ఫోన్ చేస్తే "ఒంగోలు తీసుకుపో అన్నా" అన్నాడు. డబ్బు కట్టి తప్పించుకునే దారి ముయ్యాలి. అంతే.

లేబర్‌రూమ్_డ్యూటీ:
ఆ దారి మూసినా నాకభ్యంతరం లేదండీ. కానీ అతన్ని ఒక్కణ్ణే తెచ్చి ఏ గైనకాలజిస్టూ లేని చోట పడేస్తే మీ చెల్లెలు మళ్ళీ 108 ఎక్కాల్సిందే. ఇక్కడికి ఎందుకు రానన్నాడో అడిగారా?

వెలిగొండ_నీడ:
లేదు. ఆ ఫోన్ తర్వాత మాటల్లేవు.

ఉలవపాడు_మామిడి:
కోటా సంగతికి వేరే చర్చ పెట్టండబ్బా, ఇందులో కలిసిపోయింది.