మహిళా రిజర్వేషన్ మీద చర్చ పెడితే పార్టీల గొడవే అవుతోంది, ఏం చేయాలి?

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగు ఆడవాళ్లం పాతికమందిమి ఆదివారం సాయంత్రాలు కూర్చుంటాం. లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్లకిచ్చే మహిళా రిజర్వేషన్ చట్టం మీద మూడు వారాలుగా చర్చ పెడుతున్నాను. మూడుసార్లూ పావుగంటకల్లా "బిల్లు ఆపింది మీవాళ్లే", "అమలును జనగణనకు ముడిపెట్టింది మీవాళ్లే" అని కేకలే.

మొదటివారం పార్టీ పేర్లు ఎత్తొద్దన్నాను, ఎవరూ వినలేదు. రెండోవారం తేదీలు ప్రింట్ తీసి పంచాను: 1996లో తొలి బిల్లు, 2010లో రాజ్యసభ ఆమోదం, 2023లో లోక్‌సభలో 454–2 ఓట్లతో 106వ రాజ్యాంగ సవరణ. ఆ కాగితం పట్టుకునే ఇంకా గట్టిగా వాదించుకున్నారు. మూడోవారం మనిషికి రెండు నిమిషాలని టైమర్ పెట్టాను. టైమర్ మోగినా ఆగలేదు.

నాకు బాధంతా ఒక పెద్దావిడ గురించి. అనంతపురం వైపు పల్లెలో మహిళా కోటాలో సర్పంచ్‌గా చేశారు. అసలు అనుభవం ఉన్నది ఆవిడకే. రెండుసార్లు లేచి నిలబడి, చీర కొంగు సర్దుకుని, మాట పెగలక కూర్చుండిపోయారు.

వచ్చే ఆదివారం ఐదింటికి మళ్లీ కలుస్తున్నాం. ఇలాంటి చర్చలు నడిపినవాళ్లు చెప్పండి: మాట పార్టీల మీదికి పోకుండా చట్టం మీదే నిలవాలంటే, మొట్టమొదట ఏ ప్రశ్న అడగాలి?