పెళ్లి కాకుండా కలిసి కొన్న ఫ్లాట్‌ను విడిపోయాక పంచుకోవడం: విశాఖలో మీ అనుభవాలు చెప్పగలరా?

మధురవాడ నివాసి:
అందరికీ నమస్కారం. ఆరేళ్లు కలిసి జీవించిన మేమిద్దరం 2019లో ఇక్కడ రెండు పడకగదుల ఫ్లాట్ కొన్నాం. పెళ్లి చేసుకోలేదు. దస్తావేజూ గృహరుణమూ ఇద్దరి పేరా ఉన్నాయి గానీ, ఎవరి వాటా ఎంతన్నది ఎక్కడా రాయించుకోలేదు. మొదట కట్టిన సొమ్ములో ఎక్కువ భాగం మా అమ్మ నగలు అమ్మితే వచ్చింది. నెలవారీ వాయిదాలు మాత్రం ఎక్కువగా ఆయన ఖాతా నుంచే వెళ్లాయి. ఇప్పుడు ఇంటిని తానే ఉంచుకుని నాకు కొంత ముట్టజెబుతానని ఆయన అంటున్నారు. ఆ ‘కొంత’ ఎంత అవ్వాలో, ఏ పని ముందు చేయాలో అర్థం కావడం లేదు. ఈ పరిస్థితి దాటి వచ్చినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

సీతమ్మధార సభ్యుడు:
నేను దాటి వచ్చాను కాబట్టి రాస్తున్నాను. మొదట ఫ్యామిలీ కోర్టుకు వెళ్లాలనుకున్నాను. మాది వివాహం కాదు కనుక అక్కడ కుదరదనీ, సహయజమానులిద్దరి మధ్య ఆస్తి పంపకంగా సివిల్ కోర్టులోనే దావా వేయాలనీ మా న్యాయవాది చెప్పారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం వేర్వేరు సొమ్ముతో కొన్నప్పుడు, వేరే ఒప్పందమేదీ లేకపోతే, ఎవరు ఎంత పెట్టారో ఆ నిష్పత్తిలోనే వాటా వస్తుంది. అది రుజువు చేయలేకపోతే మాత్రం ఇద్దరికీ సమానమని భావిస్తారు. నా విషయంలో జరిగింది ఆ రెండోదే. సముద్రపు గాలికి బాల్కనీ గ్రిల్ రెండేళ్లకే తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలిపోతే, మొత్తం తీయించి స్టీలుది వేయించాను. ఆ రసీదును ఫైల్లో భద్రంగా దాచాను. తీరా చూపించాల్సిన రోజున తీస్తే, మెషీన్ రసీదు కావడంతో అక్షరాలన్నీ చెరిగిపోయి తెల్ల కాగితం మిగిలింది. బిల్డరుకు చేతికిచ్చిన నగదుకైతే ఏ ఆధారమూ లేదు. అందుచేత మీరు ముందుగా నగలు అమ్మిన బిల్లు, ఆ సొమ్ము మీ ఖాతాలో పడిన తేదీ, అక్కడి నుంచి బిల్డరుకు వెళ్లిన చెల్లింపు, ఈ మూడూ వరుసగా ఒకచోట పెట్టుకోండి.

గాజువాక, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
అమ్మా, వాటా సంగతి అలా ఉంచి అప్పు సంగతి చూసుకో. మనుషులు విడిపోయినంత మాత్రాన అప్పు రెండు ముక్కలు కాదు. ఇద్దరూ సంతకం పెట్టిన రుణంలో మొత్తం బాకీని ఎవరి దగ్గర నుంచైనా వసూలు చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది. వాయిదాలన్నీ తానే కడతానని ఆయన కాగితం మీద రాసిచ్చినా, ఆ కాగితం మీ ఇద్దరి మధ్యే చెల్లుతుంది గానీ బ్యాంకును కట్టిపడేయదు. ఆయన ఒక్కరి జీతం మీద అర్హత చూసి, నీ పేరు తొలగించడానికి బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేదంటే ఆయన మరో బ్యాంకులో ఒక్కరి పేరునే కొత్త రుణం తీసుకుని పాతది తీర్చెయ్యాలి. ఈ రెంటిలో ఏదో ఒకటి జరగకుండా హక్కు వదిలేస్తే ఇల్లు పోయి అప్పు మిగులుతుంది. అలా చిక్కుకున్నవారిని నా సర్వీసులో చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

యెండాడ, దస్తావేజు లేఖరి:
ఆయనే ఉంచుకునేట్లయితే మీరు హక్కు విడుదల దస్తావేజు రాసివ్వాలి. స్టాంపు కాగితం మీద రాసుకుని నోటరీ చేయిస్తే చాలని చాలామంది పొరబడతారు. స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రాన్ని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించకపోతే హక్కు బదిలీ కాదు. కుటుంబ సభ్యుల మధ్య రాసుకునే పత్రాలకు ఉన్న స్టాంపు సుంకపు వెసులుబాటు మీకు వర్తించదు కనుక, ఆ ఖర్చు ఎవరు భరిస్తారో బేరంలోనే తేల్చుకోండి. మీకు రావలసిన సొమ్ము డిమాండ్ డ్రాఫ్టుగా తీసుకుని, దాని నంబరును దస్తావేజులోనే రాయించండి. ఆ తరువాత ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే ధ్రువపత్రం) తీసి చూసుకోండి, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇంటి పన్ను రికార్డులో పేరు మార్పించండి.

ఎంవీపీ కాలనీ సభ్యురాలు:
బేరం కుదరకపోతే భయపడకండి. ఫ్లాట్‌ను గోడ కట్టి పంచలేరు కనుక, 1893 నాటి పంపకాల చట్టం కింద సగం లేదా అంతకు మించిన వాటా ఉన్నవారు అడిగితే కోర్టు అమ్మకానికి ఆదేశించవచ్చు. అప్పుడు రెండో వారు విలువ కట్టించి ఆ వాటాను తామే కొనుక్కుంటామని కోరవచ్చు. నా కేసు చివరికి లోక్ అదాలత్‌లో రాజీగా ముగిసింది. అక్కడి అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఒక్క మాట, ఇల్లు విడిచి వచ్చినా మీ తాళం చెవి మీ దగ్గరే ఉంచుకోండి. పూర్తిగా స్వాధీనం కోల్పోయినవారు దావా వేస్తే, కోర్టు ఫీజును ఆస్తిలో వారి వాటా విలువను బట్టి లెక్కగడతారు.

మధురవాడ నివాసి:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నగల బిల్లు మా అమ్మ బీరువాలో చీర మడతల మధ్య దొరికింది, అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. గాజువాక బాబాయి గారు చెప్పినట్టు ముందు బ్యాంకు లేఖ, ఆ తరువాతే నా సంతకం అని ఆయనకు తెలియజేశాను. ఆయన కాదనలేదు. సోమవారం ఇద్దరం కలిసి బ్యాంకుకు వెళ్తున్నాం. తాళం చెవి నా దగ్గరే ఉంది.