మంచి ఓపెన్ సోర్స్ కోడ్ చదివి నేర్చుకోవాలంటే యాడ మొదలుపెట్టాల?

ప్రశ్న (కడప, బీటెక్ మూడో సంవత్సరం)
సి, పైథాన్ వచ్చు. ల్యాబ్ ప్రోగ్రాములు సొంతంగా రాస్తా. కానీ గిట్‌హబ్‌లో అసలు అప్లికేషన్ ఏదైనా తెరిస్తే వందల ఫైళ్లు, ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తాందో దొరకదు. ఏది తీసుకోవాల, ఎట్ల చదవాల అన్నా? నాది విండోస్.

జవాబు (అనంతపురం)
తమ్ముడూ, మొదటి లైను నుంచి చివరి దాకా చదివే పని పెట్టుకోవద్దు. కేసీ కాలవ నీళ్లు సుంకేసుల నుంచి కడప చేలకు ఎట్లొస్తాయో చూడాలంటే గట్టు ఎంబడి పోతాం కదా, కోడ్‌లోనూ ఒక్క పని పట్టుకొని దాని ఎంబడే పోవాల.

ముందు 'కిలో' తీసుకో. రెడిస్ అనే డేటాబేస్ తయారుచేసిన సాల్వతోరె శాన్‌ఫిలిప్పో రాసిన టెక్స్ట్ ఎడిటర్. సి లో ఒకటే ఫైలు, కామెంట్లు తీసేస్తే వెయ్యి లైన్లు కూడా ఉండవు. విండోస్‌లో నేరుగా కంపైల్ చేస్తే టెర్మియోస్ (లినక్స్‌లో టెర్మినల్‌ను అదుపు చేసే) హెడర్ ఫైలు లేదని ఆగిపోతుంది. డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపేది) వేసుకొని ఉబుంటు లినక్స్‌లో బిల్డ్-ఎసెన్షియల్ (సి కంపైలర్, మేక్ ఉండే ప్యాకేజీ), గిట్, జీడీబీ (నడిచే ప్రోగ్రాంను ఆపి లోపల చూపే డీబగ్గర్) పెట్టుకో. మేక్‌ఫైల్‌లో కంపైల్ లైనుకు 'మైనస్ జి' (జీడీబీకి ఫంక్షన్ పేర్లు, లైన్లు తెలిపే ఆప్షన్) చేర్చి మేక్ కొట్టు. గిట్‌హబ్ నుంచి కోడ్ దించుకునేటప్పుడు డేటా మిగుల్తుందని డెప్త్ 1 తో క్లోన్ చెయ్యొద్దు. ఒక్క కమిట్టే (గిట్‌లో దాచిన మార్పు) వస్తుంది, ఏ లైను ఎందుకు మారిందో గిట్ బ్లేమ్ కొట్టినా తెలీదు. అప్పటికే చేసుంటే 'గిట్ ఫెచ్ అన్‌షాలో' కొట్టు, పాత కమిట్లన్నీ వస్తాయి.

ఒక టెర్మినల్‌లో కిలో నడుపు. ఇంకో టెర్మినల్‌లో సుడో (అడ్మిన్ హక్కు) పెట్టి జీడీబీని దాని ప్రాసెస్ నంబరుకు తగిలించి 'బీటీ' (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే కమాండ్) కొట్టు. అడుగున మెయిన్, దానిమీద ఎడిటర్‌ప్రాసెస్‌కీప్రెస్, ఆపైన ఎడిటర్‌రీడ్‌కీ, అన్నిటికీ పైన రీడ్. నువ్వు కీ కొడతావని ఆ ప్రోగ్రాం కాచుకున్న దారంతా అదే. మొదటిరోజు చదవాల్సింది కూడా అంతే.

తర్వాత కిలో నుంచి బయటికొచ్చే కంట్రోల్ క్యూ చూడు. సేవ్ చెయ్యని మార్పులుంటే ఇంకా 3 సార్లు కొట్టమంటుంది. ఆ లెక్క పెట్టే 'క్విట్_టైమ్స్' ముందు స్టాటిక్ ఎందుకుందో నీ ఊహ కాగితం మీద రాసి, ఆ మాట తీసేసి మళ్లీ మేక్ చెయ్యి. ఊహ రాసుకోకుండా నడిపితే బుర్రకు ఏమీ అంటదు.

జవాబు (కర్నూలు)
పైథాన్‌లో అయితే ఫ్లాస్క్ (వెబ్ అప్లికేషన్లు కట్టే లైబ్రరీ) రిపాజిటరీలో ఎగ్జాంపుల్స్ కింద ట్యుటోరియల్ ఫోల్డర్ చూడు. చిన్న బ్లాగ్ అప్లికేషన్ అది. డేటాబేస్ టేబుళ్లు ఎట్లుండాలో చెప్పే స్కీమా ఫైలుతో మొదలుపెట్టు, యూజర్, పోస్ట్ రెండే టేబుళ్లు. ఆ ఫోల్డర్‌లోనే పిప్ ఇన్‌స్టాల్‌కు 'మైనస్ ఇ' తప్పకుండా పెట్టు. లేకుంటే నువ్వు మార్చిన ఫైలు కాకుండా ఇన్‌స్టాలైన కాపీ నడుస్తుంది, మార్పు ఎందుకు కనపడలేదా అని గంటలు పోతాయి. టెస్టులు నడిపే పైటెస్ట్ కూడా వేసుకో.

బ్లాగ్ ఫైల్లో గెట్_పోస్ట్ ఫంక్షన్‌లో 403 (అనుమతి లేదనే ఎర్రర్) ఇచ్చే రెండు లైన్లు కామెంట్ చేసి పైటెస్ట్ నడుపు. 'టెస్ట్_ఆథర్_రిక్వైర్డ్' ఫెయిలవుతుంది. ఒకరి పోస్టు ఇంకొకరు దిద్దకుండా కాపాడేది ఆ రెండు లైన్లే.

ప్రశ్న అడిగినవారు
కిలోలో స్టాటిక్ తీసేసినా అన్నా. ఎన్నిసార్లు కొట్టినా 3 అనే చూపిస్తాంది. కంట్రోల్ సి కొట్టినా బయటికి రావడంల్యా.

జవాబు (అనంతపురం)
కీ కొట్టిన ప్రతిసారీ ఫంక్షన్ కొత్తగా మొదలై మళ్లీ 3 పడుతుంది, స్టాటిక్ ఉంటే పాత విలువ నిలుస్తుంది. కంట్రోల్ ఎస్ కొట్టు, సేవ్ కాని మార్పులున్నాయని గుర్తుపెట్టే 'డర్టీ' సున్నా అవుతుంది, అప్పుడు కంట్రోల్ క్యూ ఒక్కసారికే వదులుతుంది. కంట్రోల్ సి సంగతి ఎనేబుల్‌రామోడ్ ఫంక్షన్‌లో 'ఐసిగ్' అనే టెర్మినల్ సెట్టింగ్ ఉన్న లైన్లో ఉంది. చదివి ఏం అర్థమైందో ఇక్కడే రాయి.