రాచ్‌డేల్ బాలింతలను కాపాడింది మందా, మునిసిపాలిటీనా?

పాతలెక్కలు: ఇంగ్లండ్, వేల్స్‌లో 1934లో వెయ్యి కాన్పులకు నలుగురికి పైగా తల్లులు పోయారు. 1950కల్లా ఒకరికన్నా తక్కువ. మలుపు 1936లో ఇక్కడి ఆస్పత్రుల్లోకి వచ్చిన ప్రాంటోసిల్ అనే తొలి సల్ఫా మందు. లండన్ క్వీన్ షార్లెట్ ఆస్పత్రిలో లెనార్డ్ కోల్‌బ్రూక్ బాలింత జ్వరం వచ్చిన 38 మందికి ఇస్తే పోయింది ముగ్గురే. అంతకుముందు అలాంటివాళ్లలో నాలుగోవంతు మంది పోయేవాళ్లు. గర్భిణుల క్లినిక్కులు ఏళ్ల తరబడి నడిచినా దేశం మొత్తం మీద రేటు కదల్లేదు కదా!

సూతిక: మరి రాచ్‌డేల్ సంగతేంటండీ? లాంకషైర్‌లో నూలు మిల్లుల ఊరు. 1920ల చివర వెయ్యికి 9 దాకా పోయేవారు. మునిసిపాలిటీ ఆరోగ్యాధికారిగా ఆండ్రూ టాపింగ్ వచ్చి డాక్టర్లనూ మంత్రసానులనూ ఒక దారికి తెచ్చాక కొన్నేళ్లలోనే 2 లోపుకి దిగింది, ప్రాంటోసిల్ రాకముందే.

అసలు ప్రమాదం ఎక్కడుందో చూడండి. మావి ఊడిన చోట గర్భసంచి లోపల అరచేయంత పచ్చిపుండు ఉంటుంది. డాక్టరు తొందరపడి మత్తుకి క్లోరోఫాం ఇచ్చి ఫోర్సెప్స్ (బిడ్డను లాగే పటకారు) వేస్తే చిరుగులు అదనం. గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఉన్న మనిషి మాస్కు లేకుండా కాన్పు చేస్తే రెండుమూడు రోజుల్లో జ్వరం పట్టుకునేది. దీనికి విరుగుడు మాస్కు, మరిగించిన గ్లవ్స్, అనవసరంగా ఫోర్సెప్స్ జోలికి పోకపోవడం. మీ కోల్‌బ్రూకే ప్రాంటోసిల్‌కి ముందు చేతుల శుభ్రతకి డెట్టాల్‌ని పరీక్షించారు!

పాతలెక్కలు: ఏటా వెయ్యి పైచిలుకు కాన్పుల ఊళ్లో 9 అంటే పది చావులే. బాగా చెడ్డ ఏళ్లతో మొదలుపెడితే ఆ తర్వాత ఏది చేసినా తగ్గినట్టే కనిపిస్తుంది. స్ట్రెప్టోకాకస్ తీవ్రత కూడా ఆ కాలంలో తగ్గుతూ వచ్చిందనే వాదన ఉంది.

వరద_కె: ఇద్దరూ తిండి మాటే ఎత్తలేదు. 1940లో గర్భిణులకు, పసిపిల్లలకు రోజుకో పైంటు పాలు చవగ్గానో ఉచితంగానో ఇచ్చారు.

సూతిక: పిల్లల విషయంలో సరే, పేదిళ్లలోనే ఎక్కువ పోయేవారు. తల్లుల లెక్క తిరగబడింది వరద గారూ. 1930-32లో కలవారిళ్లలోనే కాస్త ఎక్కువ. అక్కడ మంత్రసాని బదులు డాక్టరు వచ్చేవాడు, ఫోర్సెప్స్‌తో సహా.

పాతలెక్కలు గారూ, 1936 తర్వాత జ్వరం చావులు తగ్గడంలో మందుదే పెద్ద వాటా, కాదనను. కానీ రక్తస్రావానికి, గుర్రపు వాతానికి (రక్తపోటు పెరిగి వచ్చే కాన్పు మూర్ఛలకి) సల్ఫా ఏం చేస్తుంది? అక్కడ పనిచేసినవి రక్తస్రావం ఆపే ఎర్గోమెట్రిన్ మందు, రక్తం ఎక్కించడం, రక్తపోటు చూడటం, 1936 మంత్రసానుల చట్టంతో వచ్చిన జీతం మంత్రసానులు. రాచ్‌డేల్ చావులను కారణాలవారీగా విడగొట్టి పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.