ఆలస్యమైన కైలాస మానససరోవర యాత్ర: వేచి ఉన్నవారికి కలిగిన మేలు ఏమిటి?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. మా కాలనీ భజన బృందం నేపాల్ మీదుగా కైలాస మానససరోవర యాత్రకు సిద్ధమైంది కానీ, బృంద వీసా సమయానికి అందకపోవడం వల్ల ప్రయాణం వాయిదా పడింది. ఈ దారిలో వెళ్లేవారికి చైనా వీసా విడివిడిగా కాక బృందమంతటికీ కలిపి వస్తుంది గనుక, ఒక్కరి పత్రాలు నిలిచినా అందరూ నిలవవలసినదే. పెద్దవారు చాలా నిరుత్సాహపడ్డారు. కొందరు డబ్బు వెనక్కి తీసుకుందామని అంటున్నారు. ఇలా ఆగవలసి వచ్చినవారికి ఆ ఆలస్యంలో అనుకోని మేలు ఏదైనా జరిగిందా? ఓదార్పు మాటలు వద్దు, నిజంగా జరిగినది వ్రాయగలరని కోరుతున్నాను.

ఓరుగల్లు యాత్రికురాలు:
మేము నేపాల్‌గంజ్ నుండి చిన్న విమానంలో సిమికోట్ చేరాము. అక్కడి నుండి సరిహద్దు గ్రామమైన హిల్సాకు హెలికాప్టరులో వెళ్లాలి, కానీ మబ్బులు లోయను మూసివేయడంతో ఎవరినీ కదలనివ్వలేదు. మొదట్లో అందరమూ ఆకాశం వైపు చూస్తూ, నిర్వాహకుణ్ణి ప్రశ్నలతో విసిగిస్తూ గడిపాము. తరువాత మా బృందంలోని స్త్రీలు లాడ్జి యజమానురాలిని అడిగి వంటగదిలో చోటు సంపాదించి, వెంట తెచ్చుకున్న చింతపండుతో చారు కాచి, రైలులో పక్కపక్కనే కూర్చున్నా పలకరించుకోని వారందరికీ కొసరి కొసరి వడ్డించారు.

అదే లాడ్జిలో తమిళనాడు నుండి వచ్చిన బృందం కూడా ఉండేది. సాయంత్రాలలో మేము రుద్రం చదివితే వారు తేవారమనే తమిళ శివస్తుతులు పాడేవారు. తమిళ శివభక్తుడైన అప్పర్ నాయనారు కైలాసానికి బయలుదేరి, శరీరం సహకరించక దారిలోనే పడిపోయి, శివాజ్ఞతో ఒక కొలనులో మునిగి తిరువయ్యారులో తేలి, అక్కడే కైలాస దర్శనం పొందాడన్న కథను ఆ బృందంలోని ఒక పెద్దాయన చెప్పగా విన్నాను. అంతవరకు ముందుకు పోలేమేమోనన్న భయంతో కుమిలిపోతున్న మా అత్తగారు ఆ రాత్రి ప్రశాంతంగా నిద్రపోయారు. పరిక్రమలో డోల్మా కనుమ ఎక్కుతున్నప్పుడు ఆమె చేతిని పట్టుకుని నడిపించినది కూడా ఆ తమిళ బృందంలోని ఒక అమ్మాయే. హెలికాప్టర్లు వేళకు ఎగిరి ఉంటే ఆ అమ్మాయి మాకు పరిచయమే అయ్యేది కాదు.

తిరుపతి వైద్యుడు:
అమ్మా, మీ అత్తగారికి జరిగిన మేలులో సిమికోట్ ఎత్తుకు కూడా భాగం ఉంది. ఆ ఊరు సుమారు 2,900 మీటర్ల ఎత్తున ఉంటుంది. 3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి బస చేసే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదనీ, మూడు నాలుగు రోజులకు ఒకసారి ఎత్తు పెంచకుండా విశ్రాంతి తీసుకోవాలనీ పర్వత వైద్యంలో సూచిస్తారు. యాత్రా సంస్థల కార్యక్రమాలు సాధారణంగా దీనికంటె వేగంగా సాగుతాయి. మానససరోవరం దాదాపు 4,590 మీటర్ల ఎత్తున ఉంది, డోల్మా కనుమ 5,600 మీటర్లు దాటుతుంది. కాబట్టి దారి మధ్యలో వాతావరణం వల్ల ఆగిన బృందాలలో తలనొప్పి, వాంతులు, నిద్రలేమి తగ్గడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఆలస్యం ఎక్కడ జరిగిందన్నది ముఖ్యం. కాఠ్‌మాండూ సుమారు 1,400 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది గనుక అక్కడ ఎన్నాళ్లు ఆగినా ఈ విషయంలో పెద్దగా ఉపకరించదు. నేపాల్‌గంజ్ మైదానంలో ఉంది గనుక అసలే ఉపకరించదు. సరిహద్దు దాటాక టిబెట్‌లో వచ్చే కేరుంగ్, నేపాల్‌లోని సిమికోట్ వంటి చోట్ల ఆగడమే శరీరానికి మేలు. రక్తపోటు, మధుమేహం ఉన్నవారు యాత్రకు అనుకున్న రోజులకంటె ఎక్కువ రోజులకు సరిపడా మందులు వెంట ఉంచుకోవాలని కూడా మనవి.

అట్లాంటా అన్నయ్య:
కాఠ్‌మాండూ ఆలస్యం గురించి నేను చెప్పగలను. అమెరికా నుండి మేము, విజయవాడ నుండి మా తల్లిదండ్రులు అక్కడ కలుసుకున్నాము. అనుమతి పత్రాలు రాక హోటలులోనే ఉండగా, 2025 జూలై 8న వచ్చిన వరదలో, కేరుంగ్ దారిలోని సరిహద్దు ప్రాంతమైన రసువాగఢి వద్ద నేపాల్, చైనాలను కలిపే మైత్రీ వంతెన కొట్టుకుపోయింది. పత్రాలు వేళకు అంది ఉంటే మేము ఆ సరిహద్దు పరిసరాలలోనే ఉండేవారము. ఆ వరదలో ఎందరో ప్రాణాలు కోల్పోయారు గనుక దీనిని మా అదృష్టమని చెప్పుకోవడానికి నాకు మనసొప్పదు.

నేను మేలు అని చెప్పగలిగినది వేరొకటి ఉంది. ఏళ్ల తరబడి వీడియో కాల్‌లోనే చూసుకున్న నాన్నగారితో కలిసి పశుపతినాథుని ఆలయానికి రోజూ నడిచి వెళ్లాను. గర్భాలయంలో పూజ చేసే భట్టులు సంప్రదాయంగా కర్ణాటక నుండి వచ్చినవారని తెలిసి, బళ్లారిలో ఉద్యోగం చేసిన నాన్నగారు వారిలో ఒకరితో కన్నడంలో మాట్లాడి పొంగిపోయారు. బుఢానీలకంఠలో నీటి నడుమ శయనించిన విష్ణువును చూశాము. చాంగు నారాయణ ఆలయంలో క్రీ.శ. 464 నాటి లిచ్ఛవి రాజు మానదేవుని స్తంభశాసనం ముందు, చరిత్ర ఉపాధ్యాయుడైన ఆయన నాకు మళ్లీ పాఠం చెప్పారు. మా కార్యక్రమంలో వీటిలో ఒక్కదానికీ చోటు లేదు.

గోదావరి గట్టు:
క్షమించండి, నేను కొంచెం భిన్నంగా చెప్పవలసి ఉంది. మా బృందం ఆగినప్పుడు సెలవు అయిపోయి ఇద్దరు వెనుదిరిగారు, హోటలు ఖర్చు అందరి మీదా పడింది. పరిక్రమ పూర్తి చేసినా వారిద్దరూ లేరన్న బాధ ఈనాటికీ ఉంది. వాయిదా వేయవలసి వస్తే ఇంటి వద్ద ఉండగానే వేయడం మంచిదని నా అభిప్రాయం; ఆ విధంగా మీ బృందం అదృష్టవంతులది.

విశాఖ శంకరం:
మా ఆలస్యం ఏళ్లలో లెక్కించవలసినది. ప్రభుత్వం నిర్వహించే యాత్ర 2020లో ఆగిపోయి, తిరిగి 2025లోనే మొదలైంది. యాభై మంది చొప్పున ఉత్తరాఖండ్ వైపున్న లిపులేఖ్ కనుమ మీదుగా 5, సిక్కింలోని నాథూ లా కనుమ మీదుగా 10 జట్లు వెళ్లాయి. ఈలోగా 2020 మేలో లిపులేఖ్ వైపు రహదారి ప్రారంభమైంది. మోకాళ్ల నొప్పులున్న మా అక్కయ్య పాత నడకదారిలో వెళ్లగలిగేది కాదు. అంతేకాక 2024 అక్టోబరులో పాత లిపులేఖ్ కనుమ నుండి, మన దేశపు నేల మీద నిలబడే, యాత్రికులు కైలాసాన్ని దర్శించడం మొదలైంది.

కృష్ణాతీరం గారూ, 2026 టిబెట్ పంచాంగం ప్రకారం అశ్వ సంవత్సరం. పన్నెండేళ్లకు ఒకసారి వచ్చే ఈ సంవత్సరంలో చేసిన ఒక్క పరిక్రమ పదమూడింటితో సమానమని అక్కడివారి విశ్వాసం. మీ కొత్త తేదీలు ఆ ఏడాదిలో పడతాయా?

కృష్ణాతీరం:
పడతాయండీ! ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు. ఈ రాత్రి భజన తరువాత మీ అందరి మాటలూ చదివి వినిపిస్తాను. వైద్యుడుగారి సూచన ప్రకారం పైకి వెళ్లేటప్పుడు కేరుంగ్‌లో అదనంగా ఒక రాత్రి కోరాలని అనుకుంటున్నాము. బృంద వీసా వచ్చిన తరువాత అలా బస పెంచడం కుదురుతుందా, లేక దరఖాస్తులోనే చూపాలా? ఇటీవల వెళ్లివచ్చినవారు దయచేసి తెలపండి.

అట్లాంటా అన్నయ్య:
ముందే చూపించండి. బస చేసే ఊళ్లు, తేదీలు టిబెట్ అనుమతి పత్రంతో ముడిపడి ఉంటాయని, ఆ తరువాత మార్చడం కష్టమని మా నిర్వాహకులు చెప్పారు. వంతెన పోయిన తరువాత దారులు మారాయి గనుక, మీరు కేరుంగ్ మీదుగానే వెళ్తున్నారో లేదో కూడా వ్రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.